మామగారు విన్న ఒపెరా

నాకు సంగీతం రాదు. ఈ ఒక్క మాట పడుచు వయసులోనే ఒప్పుకుని ఉంటే ఇంత కథ జరిగేది కాదు. అప్పట్లో నేను నాయుడుపేట హైస్కూల్లో లెక్కల మాస్టర్ని. ఊరు మొత్తం మీద ఇటలీ ఒపెరా గురించి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు తెలిసిందేపాటిదో పరీక్షించడానికి రెండోవాడు లేడు గనక నా పాండిత్యం ఏ అడ్డూ లేకుండా సాగిపోయింది.

ఆ పాండిత్యం ఎక్కడిదో చెప్పాలి. మద్రాసులో చదువుకునే రోజుల్లో నేను అద్దెకున్న మేడగది కింద ఒక ఆంగ్లో ఇండియన్ ముసలావిడ ఉండేది. ఆదివారం పూట ఆవిడ గ్రామఫోను పెట్టుకుని ఒపెరాలు వినేది. నేను పైన బట్టలు ఉతుక్కుంటూ వినేవాణ్ణి. ఒపెరా అంటే ఏమిటో ఆవిడే ఒకసారి మెట్ల దగ్గర నిలబడి చెప్పింది. నాటకమే, కానీ మాటలుండవు, మొదటినుంచి చివరిదాకా పాడుతూనే ఉంటారు, ఆఖరికి ఎవరో ఒకరు చచ్చిపోతారు. నా చదువంతా అంతే. మిగతాది నేను కలుపుకున్నది.

యాభైల చివర్లో నాకు పెళ్ళయింది. మామగారిది చిల్లకూరు అవతల పల్లె. వరి పండించే రైతు. కానీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన్ని రైతుగా కాదు, రాజుగా ఎరుగుదురు. పద్య నాటకాల్లో ఆయన రాజు వేషం కట్టేవారు. పద్యం చివర ఆయన రాగం తీస్తే జనం ‘వన్స్ మోర్’ అని కేకలు పెట్టేవారు. వన్స్ మోర్ అన్నాక ఇక కథ ఆగాల్సిందే. యుద్ధం మధ్యలో ఉన్నా సరే, పాత్ర అప్పుడే చచ్చి పడిపోయినా సరే, లేచి ఆ పద్యం మళ్ళీ పాడి, తర్వాత మళ్ళీ చచ్చిపోవాలి. దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

పెళ్ళి మర్నాడు భోజనాలయ్యాక చుట్టాలు పట్టుబడితే ఆయన పందిట్లో కూర్చుని ఒక పద్యం ఎత్తుకున్నారు. రాగం తీస్తూ పోతున్నారు. పందిట్లో ఉన్నవాళ్ళంతా ఆయన్నే చూస్తున్నారు. కొత్త పెళ్ళికొడుకుని, నన్ను చూసేవాడు లేడు. నాకు ఒళ్ళు మండింది. పక్కనున్న స్నేహితుడితో, నలుగురికీ వినపడేట్టుగా, "ఇటలీలో అయితే దీన్ని పాటగా మార్చుకున్నారు. మనవాళ్ళు గొంతు చించుకోవడం దగ్గరే ఆగిపోయినారు" అన్నాను.

ఆయన విన్నారు. ఆ ఇంట్లో అల్లుణ్ణి పల్లెత్తు మాట అనరు. ఆయన రాగం మధ్యలో ఆపి, పైపంచె దులుపుకుని లేచి, "అల్లుడుగారికి మజ్జిగ ఇచ్చినారా?" అని లోపలికి కేకేశారు. మజ్జిగ వచ్చింది. అల్లం, కరివేపాకు వేసి బాగా చేశారు. రెండు గ్లాసులు తాగాను. ఆ రోజు నాకు అర్థమైంది మజ్జిగ బాగుందన్నది మాత్రమే.

ఆ తర్వాత ఆయన పాడలేదు. నా ఎదుట పాడకపోవడం కాదు, అసలు పాడలేదు. ఏటా కోతలయ్యాక తిరునాళ్ళలో నాటకం వేసే బృందం వాళ్ళు ఇంటికొచ్చి అడిగితే, గొంతు బాగలేదని పంపించేసేవారు. ఇదంతా నాకు తెలియదు. మా ఆవిడ మూడేళ్ళు ఓపిక పట్టింది. ఒక రోజు అన్నం వడ్డిస్తూ మామూలుగా చెప్పింది.

"మా నాయన పద్యం వినక మూడేండ్లయింది. మూయించింది మీరు. తెరిపించే దారి కూడా మీరే చూడండి."

దారి ఎదురుగానే ఉంది. చిల్లకూరు బస్సెక్కి, ఆ పల్లెకు పోయి, "మామా, తప్పు నాదే" అనాలి. ఆ మూడు మాటలు అనడానికి నాకు నోరు రాలేదు. అల్లుడనేవాడు అలా అంటాడా? అందుకని చాలా తెలివైన ఉపాయం ఒకటి ఆలోచించాను. ఒక గొప్ప ఇటలీ ఒపెరాని ఆయనకు మొదటినుంచి చివరిదాకా వినిపిస్తాను. ఇదీ మీ నాటకం లాంటిదే మామా అంటాను. నా గౌరవం నాకుంటుంది, ఆయన గొంతు ఆయనకొస్తుంది. మూడు మాటలకు బదులు మూడు ఎల్పీ రికార్డులు.

నేనూ మా ఆవిడా మద్రాసు పోయాం. పాత సామాన్లు అమ్మే ఒక కొట్లో, నేను పేరు విన్న ఒపెరా ఒకటి దొరికింది. దాని పేరు ఇక్కడ రాయను. నేను ఆ పేరు పలికితే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. చిక్కేమిటంటే ఒకే ఒపెరా రెండు పెట్టెల్లో ఉంది, పాడినవాళ్ళు వేరు. రెండూ కొనే తాహతు మాకు లేదు. మొదటి పెట్టె కొత్తది, నిగనిగలాడుతోంది, స్టూడియోలో పట్టినది. రెండోది ఇటలీలో ఏదో నాటకశాలలో జనం ఎదుటే పట్టినదట. పెట్టె మూలలు ఎలుకలు కొట్టేశాయి. లోపల ఉండాల్సిన కథ పుస్తకం కూడా వాటికే ఆహారమైపోయింది.

కొట్టాయన రెండూ పెట్టి వినిపించాడు. మొదటిది తేటగా, కడిగిన గాజుగ్లాసులా ఉంది. రెండోదాంట్లో జనం దగ్గుతున్నారు, కుర్చీలు కిర్రుమంటున్నాయి, చప్పట్లు పడుతున్నాయి. అన్నిటికంటే ఘోరం, పాడేవాళ్ళు మర్చిపోకుండా ఎవడో వెనకనుంచి ముందుగా మాటలు అందిస్తున్నాడు. ఆ గుసగుస చక్కగా వినపడుతోంది. నేను ముఖం చిట్లించుకుని, "ఇది రికార్డు కాదు, సంత" అన్నాను. మా ఆవిడ మాత్రం రెండోదే కావాలంది.

"ఇందులో జనం ఉండారు" అంది.

అది లోపం అని నేను అక్కడే నిలబడి చాలాసేపు బోధించాను. శుద్ధమైన నాదం అన్నాను, కళాదృష్టి అన్నాను. కొట్టాయన స్టూలు తెచ్చుకుని కూర్చున్నాడు. అంతా విని మా ఆవిడ ఒకే మాట అడిగింది. "వినేది మీరా, మా నాయనా?" రెండో పెట్టె కొన్నాం. ఊరికొచ్చాక, ఎంతో ఆలోచించి జీవం ఉన్న రికార్డు ఎంచుకున్నానని నేనే అందరికీ చెప్పుకున్నాను.

స్కూలు నుంచి అరువు తెచ్చిన రికార్డు ప్లేయరుకు కరెంటు కావాలి, మామగారి ఊరికి అప్పటికింకా కరెంటు రాలేదు. ఆయన్నే నాయుడుపేటకు పిలవాలి. పిలిచేలోగా రెండు వారాలు నేను సాధన చేశాను, అంటే విన్నాను. మొదటి రికార్డు ఒక పక్క పెట్టాను, తిప్పి రెండో పక్క పెట్టాను. తిప్పగానే కథానాయిక చచ్చిపోయింది. భాష రాకపోయినా చావు తెలుస్తుంది కదా. ఎవరో వీరుడు పక్కన చేరి భోరుమన్నాడు. సంగీతం ఆగింది, జనం చప్పట్లతో హాలు దద్దరిల్లింది. రెండో రికార్డు పెడితే ఆవిడ నిక్షేపంగా లేచి పాడుతోంది.

నేను ఒక్క క్షణం కూడా తడబడలేదు. పాశ్చాత్యులు ముగింపు ముందే చూపించి, ఆ తర్వాత కథలోకి వస్తారు అని తేల్చేశాను. టీచర్ల గదిలో దీనిమీద ఉపన్యాసమిచ్చాను. మా తెలుగు మేష్టారికి నా సిద్ధాంతం నచ్చలేదు. "అదేం కాదయ్యా, జనం వన్స్ మోర్ అని ఉంటారు, అందుకని లేచి పాడింది" అన్నారు. ఆ మాటకు గదిలో అందరూ ఒప్పుకున్నారు. మన దగ్గర జరిగేదే కదా. కాస్త ఆలోచించి నేనూ అది కలుపుకున్నాను.

ఒక ఆదివారం మామగారు వచ్చారు. మామూలుగానే ఒక బస్తా బియ్యం, గోనెసంచి నిండా వంకాయలు తెచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చాప మీద గోడకు ఆనుకుని కూర్చున్నారు. తెలుగు మేష్టారు కూడా వచ్చారు. ముందుగా నేను ప్రసంగించాను. మామగారు వినయంగా తలూపారు. రికార్డు పెట్టాను. కాసేపటికి ఆయన వేళ్ళు మోకాలి మీద కదిలాయి. తిప్పి పెట్టాను. నాయిక చచ్చిపోయింది. ఆయన పైపంచెతో కళ్ళు తుడుచుకున్నారు. నా ఉపాయం పారిందనుకున్నాను. రెండో రికార్డు మొదలైంది. ఆయన ఠక్కున తలెత్తారు.

అల్లుణ్ణి తప్పుపట్టకూడదు గనక ఆయన కూతురి వైపు తిరిగారు. "అమ్మాయ్, అల్లుడుగారు ఏమీ అనుకోకపోతే ఒక మాట అడుగు. వరస తప్పినట్టుండాదే."

వన్స్ మోర్ సంగతి తెలుగు మేష్టారు వివరించబోయారు. మామగారు చెయ్యి అడ్డంపెట్టారు.

"వన్స్ మోర్ అంటే పాడిందే మళ్లా పాడాల గదండీ. ఇది వేరే పాట. అదట్టా ఉండనీండి. ఇందాక ఆయమ్మ పక్కన కూలబడి ఏడ్చినాడే, అప్పుడాయన గొంతు అడుగంటిపోయి ఉండింది. ఆట మొత్తం పాడేసినోడి గొంతది. ఇప్పుడు చూస్తే తాజాగా ఉండాది. వెనక అందించే ఆయన కూడా ఇందాక అలిసిపోయినాడు, ఇప్పుడు హుషారుగా ఉండాడు. గొంతు ఇంతలోకే ఎట్టా లేస్తాది? ఇది ముందర జరిగింది, అది ఆఖర్న జరిగింది."

నేను పాశ్చాత్య నాటక శిల్పం అని ఏదో మొదలుపెట్టాను. ఆయన వెంటనే, "అల్లుడుగారు చెప్తే సరే" అని ఊరుకున్నారు. ఈలోగా మా ఆవిడ రికార్డులు ఒక్కొక్కటే తీసి, మధ్యలో అతికించిన కాగితం చూసింది. చిన్న బడిలో నాలుగేళ్ళు చదివిన మనిషి.

"దీనికి ఒక పక్క ఒకటి, ఇవతల ఆరు. దీనికి రెండు, ఐదు. దీనికి మూడు, నాలుగు" అంది.

ఆ అంకెలు నేనూ చూశాను. కంపెనీవాళ్ళ లెక్క ఏదో అనుకున్నాను. జీతం తీసుకుని పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి, ఆరుదాకా లెక్కపెట్టలేకపోయాను. రికార్డుల్ని దొంతరగా పెడితే ఒకదాని తర్వాత ఒకటి దానంతటదే వేసుకునే యంత్రాలు ఉంటాయని, మూడూ అయ్యాక దొంతర మొత్తం తిరగెయ్యాలని, ఈ పెట్టె అలాంటి యంత్రం కోసం చేసిందని నాకు చాన్నాళ్ళ తర్వాత తెలిసింది. తెలుగు మేష్టారు పని గుర్తొచ్చిందని వెళ్ళిపోయారు. సోమవారానికి స్కూలంతా తెలిసింది.

మళ్ళీ మొదటినుంచి పెట్టాను. ఈసారి ప్రసంగం లేదు. ఒకటి, రెండు, మూడు అని మా ఆవిడ అంకె చెబుతుంటే నేను తెరలాగే కుర్రాడిలా రికార్డులు మార్చాను. నాలుగో పక్కలో ఆ వీరుడు గొంతెత్తి, ఎక్కడికో పోయి, అక్కడే నిలబడ్డాడు. మామగారు కళ్ళు మూసుకుని మెల్లిగా అన్నారు.

"వన్స్ మోర్."

ముల్లు ఎత్తి వెనక్కి పెట్టాను. మళ్ళీ అన్నారు. మళ్ళీ పెట్టాను. మూడోసారి ముల్లు జారి అక్కడ గీత పడింది. నేను కంగారుపడ్డాను గానీ ఆయన పట్టించుకోలేదు. నాయిక ఈసారి చావాల్సిన చోట చచ్చిపోయింది. అంతా అయ్యాక, మూడేళ్ళలో మొదటిసారి, ఆయన కూతురి వైపు కాకుండా నా వైపు తిరిగి మాట్లాడారు.

"మనిషి గట్టోడే. కాకుంటే ఊపిరి ముందే ఖర్చు పెట్టేసినాడు. అట్టా కాదు, ఇట్టా దాచుకోవాల" అంటూ, తనని తాను మరిచిపోయి, పద్యం ఎత్తుకున్నారు.

పందిట్లో నేను ఆపించిన పద్యమే అది. వంటింటి గుమ్మంలో మా ఆవిడ కదలకుండా నిలబడిపోయింది. పద్యం బాగానే నడిచింది. చివర రాగం పైకి పోవాల్సిన చోట గొంతు చీలి ఆగిపోయింది. ఆయన ఆశ్చర్యపోయినట్టు చూశారు. దగ్గి, మళ్ళీ ప్రయత్నించారు. అక్కడే ఆగింది. మూడేళ్ళుగా సాకుగా చెప్పిన జబ్బు ఇప్పుడు నిజంగా వచ్చి కూర్చుంది. దాన్ని తెచ్చింది నేను. నాకు భయం వేసింది, సిగ్గు వేసింది.

"వాడకుండా పడేస్తే ఇంతే గదా" అని ఆయన నవ్వి, పైపంచె దులుపుకుని, "అమ్మాయ్, అల్లుడుగారికి మజ్జిగ..." అన్నారు.

"మజ్జిగ వద్దు మామా" అన్నాను. "తప్పు నాదే. వన్స్ మోర్."

ఆయన చాప మీద సర్దుకుని కూర్చున్నారు. మళ్ళీ మొదటినుంచి పాడారు. గొంతు అదే చోట చీలింది. చీలినా ఈసారి ఆపకుండా, కింది స్థాయిలోనే పద్యం ముగించారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఆయన రోజూ పొలం గట్టున సాధన చేశారు గానీ ఆ పైస్థాయి మళ్ళీ రాలేదు. ఆ ఏడు తిరునాళ్ళలో రాజు వేషం ఇంకొకరు కట్టారు. మామగారు పద్యాలన్నీ కంఠతా వచ్చినవారు గనక తెర వెనక నిలబడి అందించడానికి ఒప్పుకున్నారు. మేం వెళ్ళాం. జనం వన్స్ మోర్ అన్నది ఆ కొత్తాయనకి. నేను అందరికంటే ముందు, తెరకు ఆనుకున్నట్టు చాప వేసుకుని కూర్చున్నాను. ఒక్కో పద్యానికి ముందు సన్నగా ఆయన గుసగుస వినపడేది. మద్రాసు కొట్లో ఆ పెట్టె నేను వద్దన్నది ఇలాంటి గుసగుస ఉందనే. పక్కనెవరో దగ్గితే, కాస్త ఆగవయ్యా, వినపడ్డం లేదు అని కసురుకున్నాను.