మేం కిరాయిదారులమే

బల్లార్‌పూర్‌లో ఉన్న ఇల్లు తాకట్టు పెట్టి మా ఆయన బొగ్గు లారీ కొన్నాడు. లోడ్లు తగ్గాయి, వాయిదాలు ఆగాయి, ఇల్లు వేలంలో పోయింది. సామాను వేసుకుని చంద్రపూర్ వస్తే, అడ్వాన్సు కూడా అడగకుండా మేడ మీద రెండు గదులిచ్చినవాడు ఒక్కడే పెద్దాయన. మా పుట్టినూరు విరూర్‌వాడే. నేను బాపు అంటాను, ఆయన బిడ్డా అంటాడు.

ఆ గదుల్లో నాకు ఊపిరాడదు. మెట్లు ఆయన వరండాలోంచే ఎక్కాలి. సంచిలో ఏ కూర తెచ్చానో ఆయనకు చెప్పాలి. మా అమ్మాయి గట్టిగా నవ్వితే కిందనుంచి దగ్గు వినిపిస్తుంది. మనిషి మంచివాడే, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే ఎప్పుడో పోట్లాడి బయటపడేదాన్ని.

బడిలో నాకొచ్చే జీతం మీద చిన్న ఫ్లాటుకు లోను అడిగాను. మేనేజరు పాత వేలం సంగతి చూసి పెదవి విరిచాడు. ఎంతో బతిమాలితే ఒక దారి చెప్పాడు. కిరాయి నెలనెలా సరిగ్గా కడుతున్నామని ఇంటి ఓనరు చెబితే, ఫైలు పైకి పంపుతాడట. ఎగిరి గంతేసినంత పని చేశాను. ఒక్క నెల కూడా తప్పలేదు మరి. ఫోన్లో వేస్తానంటే బాపు ఒప్పుకోడని చేతికే ఇస్తాను.

విచారణకు బ్యాంకు మనిషి వచ్చాడు. బాపు చాయ్ తాగించి, మరాఠీలో గర్వంగా చెప్పాడు: వీళ్లు కిరాయిదారులు కాదు, మా ఇంటి మనుషులు, ఊరి ఆడబిడ్డ దగ్గర నేను పైసలు తీసుకుంటానా అని.

"గట్ల కాదు బాపు, నేను నెలనెలా ఇస్తున్న గద" అన్నాను.

"నువ్వు ఊకో బిడ్డ, నేను మాట్లాడుతున్న గద" అన్నాడు. బ్యాంకు మనిషి నావైపు జాలిగా చూశాడు. లోను కోసం కిరాయి కడుతున్నామని నేను అబద్ధం చెప్పానని అనుకున్నాడు. మా ఆయన నేల చూస్తూ కూర్చున్నాడు.

లోను రాలేదు. బ్యాంకుకొచ్చి నిజం చెప్పమని బాపును అడిగాను.

"ఊరి బిడ్డ దగ్గర కిరాయి తింటున్నా అని నలుగుట్ల ఎట్ల చెప్పాలె? ఇజ్జత్ పోతది" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మీద అంత ప్రేమ ఉన్నవాడితో ఎలా పోట్లాడాలో నాకు తెలియలేదు.

నెల మొదట్లో కిరాయి పట్టుకెళ్లాను. తీసుకుని బనీను జేబులో పెట్టుకున్నాడు.

"నీకు లోను గిట్ల ఎందుకు బిడ్డ? నేనున్నన్ని దినాలు నిన్ను పొమ్మనేటోడు ఎవడు?" అన్నాడు.

ఆయన కాళ్లు మొక్కాలనిపించింది, గొంతు పిసకాలనిపించింది. "ఎవ్వల్లేరు బాపు" అని మెట్లెక్కాను.