పక్క సీట్లో కూర్చునే పద్ధతి

వేడి ఇంజన్‌లోంచి స్పార్క్ ప్లగ్ తీయగానే వచ్చే మసి, పెట్రోలు కలిసిన వాసన ముక్కుకు తగిలితే చాలు, మిర్యాలగూడలోని నా షెడ్డులో ఉన్నవాణ్ణి సూర్యాపేటలో మెకానిక్ సైదులన్న దగ్గరికి వెళ్లిపోతాను. నాకూ బడికీ తొమ్మిదో తరగతిలోనే పొసగలేదు. విడిపోయినందుకు బడి ఏమీ బాధపడినట్టు లేదు. నాలుగు షెడ్లు తిరిగి, చేతిపని కొంత, నోటిపని చాలా నేర్చుకుని ఆయన దగ్గర చేరాను. "నోటికి జీతం ఇయ్యను, సూసుకో" అన్నాడు. ఆయన షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బాగుచేసిన కారును దాని యజమానే రోడ్డు మీద నడిపి చూడాలి, పనిచేసినవాడు పక్క సీట్లో కూర్చోవాలి.

ఒకసారి ఆయన ఊళ్లో లేనప్పుడు కోదాడ నుంచి ఒక నర్సు తన టర్బో కారు తెచ్చింది. రోజూ హైవే మీద సూర్యాపేట దవాఖానకు డ్యూటీకి వస్తుంది. లారీని దాటుదామని గట్టిగా తొక్కితే కారు ఎగిరెగిరి పడుతోందట. నేను కొత్త ప్లగ్గులు వేశాను, నిప్పురవ్వ దూకే వాటి కొనల మధ్య గ్యాప్‌ను కొలవకుండా కంటితోనే చూశాను. అది చాలదన్నట్టు ప్లగ్గులకు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్స్ కూడా ఎక్కువ పవరున్నవి ఎక్కించాను. "ఇగ లారీలే మీకు దారిస్తయి మేడం" అన్నాను. ఆమె నవ్వుతూ వెళ్లింది. నేను పక్క సీటు ఎక్కలేదు.

వారానికి మళ్లీ వచ్చింది. నవ్వలేదు. "లారీ పక్కకి వెళ్లాక మళ్లీ అదే కుదుపండీ. ఎదురుగా బస్సు. బాగైందని మీరన్నారనే దాటబోయాను."

అప్పటికి ఊరి నుంచి తిరిగొచ్చిన సైదులన్న ప్లగ్గులు విప్పి గుడ్డ మీద వరుసగా పెట్టాడు. గ్యాప్ కొలిచే సన్నటి ఉక్కు రేకును ఒక్కోదానిలో దూర్చాడు. రేకు వదులుగా ఆడింది, గ్యాప్ ఎక్కువైంది. నన్ను రోడ్డు పక్కకు తీసుకెళ్లి అగ్గిపుల్ల గీశాడు. "ఊదు." ఆరిపోయింది. ఇంకొకటి గీసి అరచేతులు దగ్గరగా మూశాడు. "ఇప్పుడూదు." ఆరలేదు.

"టర్బో ఇంజన్లకు గాలిని కుక్కుతది. గంత ఒత్తిడిల నిప్పురవ్వ ఎక్కువ దూరం దుంకలేదు. నువ్వేమో పెద్ద అగ్గిపుల్ల తెచ్చినవ్. చేతులు దగ్గర పెట్టలే."

"అయితే గా కాయిల్స్ ఉత్తవేనా అన్న?"

"టర్బో ఒత్తిడి, గదే బూస్ట్, పెంచి ఉరికిచ్చెటోనికి పనికొస్తయ్. ఈమె బండి కంపెనీ నుంచి ఎట్లొచ్చిందో అట్లనే ఉంది. పాత కాయిల్స్ మంచిగున్నయ్. అవే పెట్టు. గ్యాప్ కొలిచి తగ్గియ్యి."

పని అయ్యాక ఆమె ముందు నిలబడ్డాను. "మేడం, బండికి కాదు, నా కండ్లకు సర్వీసింగ్ గావాలె" అన్నాను. ఆమె పెదవి కొంచెం కదిలింది. వెనక నుంచి సైదులన్న గొంతు వినిపించింది. "నవ్వించుడు అయింది. ఇగ చెప్పు."

చెప్పాను. "గ్యాప్ కొలవలేదు మేడం. అక్కర లేని కాయిల్స్ ఏసిన. తప్పు నాది."

ఆమె స్టీరింగ్ ముందు కూర్చుని పక్క తలుపు తెరిచింది. "ఎక్కండి" అంది.

హైవే మీద ముందు ఒక లారీ. ఆమె తొక్కింది. నా చెయ్యి తలుపు పిడిని పట్టుకుంది. కారు ఒక్క కుదుపు లేకుండా లారీని దాటింది. "ఇంకోదాన్ని కూడా దాటి చూద్దామండీ" అంది. నేను బెల్టు సరిచూసుకున్నాను.

సైదులన్న ఇప్పుడు లేడు. ఆ రేకు నా చొక్కా జేబులో ఉంది. టర్బోకు పవర్ కాయిల్స్ వెయ్యమని వచ్చేవాళ్లకు ముందు అగ్గిపుల్ల గీసి చూపిస్తాను, ఎప్పటిలాగే నవ్విస్తాను. ఆ నవ్వు ఆగగానే "ఇగ చెప్పు" అన్న ఆయన మాట వినిపిస్తుంది. ఆ కాయిల్స్ అక్కర లేకపోతే లేదని చెప్పి, పని అయ్యాక పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటాను.