ముందు కోణం చెప్పు

మూడూ నాలుగూ కలిపితే ఏడని ఛస్తే ఒప్పుకోడు బాబాయ్. చోక్‌లు, అంటే కరెంటు తీగచుట్టలు, తయారుచేసే ఫ్యాక్టరీలో టెస్టింగ్ ఇంజనీరు ఆయన, అందరికీ బాబాయే. ఏ రెండు అంకెలు కలపమన్నా జేబులోంచి సుద్దముక్క తీసి, "ముందు కోణం చెప్పు" అంటాడు. చెప్పకపోతే తనే నేలమీద రెండు బాణాలు గీసి కొలుచుకుంటాడు. ఆ గీతలు తుడవలేక ఇంట్లో పిన్నికి నడుం పడిపోయింది.

ఒకసారి ఆవిడ, మావైపు ముగ్గురూ మీవైపు నలుగురూ భోజనానికొస్తున్నారు, కుర్చీలు తెమ్మంది. ఐదు తెచ్చాడు. ఇదేం చోద్యమని అడిగితే, "మీవాళ్ళూ మావాళ్ళూ ఏనాడైనా ఒకే దిక్కుకి లాగారా? తొంభై డిగ్రీలు" అన్నాడు. నిలబడి తిన్న ఇద్దరూ పిన్ని అన్నయ్యలే.

అలాంటి మనిషి కింద చేరింది కొత్తమ్మాయి. మూడు నెలలు పని చూసి, నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. పాపం, ఒంటిచేత్తో కూతుర్ని పెంచుకుంటోంది, ఈ ఉద్యోగం పోతే ఇక ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ పిల్ల బడి గేటు తొమ్మిదికి గానీ తీయరు. ఫ్యాక్టరీ కూడా తొమ్మిదికే. ఎంత పరిగెత్తినా తొమ్మింపావయ్యేది.

మొదటి వారమే యజమాని వచ్చి, మనిషి ఎలా ఉందని ఆరా తీశాడు. స్విచ్ వేయగానే కరెంటు కాసేపు గంతులేస్తుందనీ, అది కుదురుకునేదాకా బాణం గీయకూడదనీ, మనుషులూ అంతేననీ చెప్పి పంపేశాడు బాబాయ్.

మూడో నెల చివర్లో యజమాని కొత్తమ్మాయి రాసే టెస్టింగ్ పుస్తకం తిరగేశాడు. ఆయన బట్టలకొట్టు నుంచి పైకొచ్చినవాడు, కూడికలో ఆయన కళ్ళు కప్పడం ఎవరి తరమూ కాదు. పక్కపక్కన కలిపిన హీటరుకి మూడు ఆంపియర్లు, చోక్‌కి నాలుగు, రెండూ కలిసొచ్చే మెయిన్ తీగకి ఐదు అని ఉంది. ఇవి కాకిలెక్కలనీ, పైగా రోజూ ఆలస్యమనీ, రేపటినుంచి రావద్దనీ అనేశాడు.

కొత్తమ్మాయి మీటరు చూపించిందే రాసింది గానీ, చదువుకున్న పాఠమంతా భయంతో ఎగిరిపోయింది. గబగబా ఐదు కొట్టేసి ఏడు వేసింది. బాబాయ్ చూశాడు.

"మీటరు ఏం చెప్పిందమ్మాయ్?"

"ఐదు."

"అయితే ఐదే రాయి."

ఆమె మళ్ళీ ఐదు రాసింది. బాబాయ్ యజమానిని చెయ్యిపట్టి గది మధ్యకి లాక్కొచ్చి, ముందుకి మూడడుగులు వేయించి, పక్కకి తిప్పి నాలుగు వేయించాడు. ఇప్పుడు బయల్దేరిన చోటుకి ఐమూలగా నడవమన్నాడు. యజమాని లెక్కపెట్టుకుంటూ నడిచి ఐదో అడుక్కి ఆగాడు. నమ్మలేక మళ్ళీ నడిచాడు.

కరెంటు అటూ ఇటూ ఊగుతూ వస్తుందట. హీటరుది వోల్టేజితో పాటే ఊగుతుంది, చోక్‌ది పావుచుట్టు వెనకబడుతుంది. రెండూ ఒకేసారి పైకి రావు కాబట్టి తిన్నగా కూడితే తప్పు.

"సరే, లెక్క ఒప్పే. మరి ఆలస్యం?" అని యజమాని గేటు పుస్తకం తెప్పించాడు. ఆమె పేరెదురుగా రోజూ తొమ్మింపావు. పైగీతలో బాబాయ్ పేరెదురుగా రోజూ తొమ్మిదికి పావు తక్కువ. ఆయన ముందే వచ్చి ఆమె బల్ల సర్ది, తీగలు కలిపి, తొమ్మిదికల్లా మొదటి చోక్ ఎక్కిస్తాడని వాచ్‌మన్ చెప్పాడు. కొత్తమ్మాయికి అది ఇప్పుడే తెలిసింది. మూడు నెలలుగా ఆ తీగలు రాత్రి షిఫ్టువాళ్ళు వదిలేసి వెళ్తున్నారనుకుంటోంది పిచ్చిది.

బాబాయ్ నేలమీద రెండు బాణాలు గీశాడు, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి.

"కోణం ఎంత?" అన్నాడు యజమాని.

"నూట ఎనభై."

"అంటే సున్నా," అని గొణుక్కుంటూ ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టాడు.

బడికి సెలవులిచ్చిన రోజు కొత్తమ్మాయి, ఇవాళైనా ఆయనకి శ్రమ తప్పిద్దామని ఎనిమిదిన్నరకే వచ్చింది. తొమ్మిదికి పావు తక్కువకి తలుపు తీసిన బాబాయ్ మొహం మాడిపోయింది.

"నువ్వూ ముందే వస్తే నా బాణాన్ని దేంతో కొట్టెయ్యను? వెళ్ళి టీ తాగి తొమ్మింపావుకి రా."