వెనక్కి నడవని వీధి

నాటకాల హాల్లో అందరూ ఆమెను చెక్‌పోస్ట్ అనేవారు. మొహం మీద అనేవారు కాదు గానీ ఆ సంగతి ఆమెకు తెలుసు. వేదిక వెనక పెద్ద తెర మీద ఆడే వీడియోలన్నీ ఆమె చేతుల మీదుగానే వెళ్ళాలి. ఎవరు ఏ ఫైలు తెచ్చినా ఆపి, లోపలేముందో చూసి, తనకు కావలసిన ఫార్మాట్‌లోకి మార్చుకున్నాకే తెర దాకా పోనిచ్చేది.

ఆ అలవాటు ఊరికే రాలేదు. పనిలో చేరిన కొత్తలో ఏదో కంపెనీ సభకు వాళ్ళ మేనేజరు ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి, "మా ఇంట్లో బ్రహ్మాండంగా ఆడిందమ్మా, ప్లే కొట్టెయ్" అన్నాడు. నమ్మి కొట్టింది. మాటలు హాలంతా మోగాయి. బొమ్మ మాత్రం రాలేదు. తెర బూడిదరంగులో అలాగే ఉండిపోయింది. మేనేజరు లేచి నిలబడి అందరి ముందూ ఆమె వైపు చెయ్యి చూపించాడు. అప్పటి నుంచి ఆమె ఎవరి మాటా నమ్మడం మానేసింది.

ఈసారి నాటకం ఒక బస్సు కండక్టరు కథ. చివర్లో అతను తన జీవితాన్ని వెనక్కి తిప్పుకుంటూ వేదిక మీద వెనక్కి నడుస్తాడు. అతని వెనక తెర మీద వీధి వీధంతా వెనక్కి పోవాలి. సైకిళ్ళు, కుక్కలు, గొడుగులు, అన్నీ. అతను ఆగితే వీధి ఆగాలి, కదిలితే కదలాలి. అదంతా ఆమె వేలి కింద జరగాలి.

"ఈ ఒక్క వీడియో అంత పెద్దది ఎందుకమ్మా? చిన్నగా చెయ్యొచ్చుగా, లోడ్ తగ్గుతుంది" అన్నాడు దర్శకుడు ఒకరోజు.

"చిన్న ఫైలంటే మూటగట్టిన బట్టలు సార్. కావాలన్నప్పుడల్లా మూట విప్పాలి. వరసగా ముందుకు ఆడిస్తే కంప్యూటర్ ఎలాగో విప్పుకుంటూ పోతుంది. వెనక్కి పొమ్మంటే చేతులెత్తేస్తుంది. నేను చేసింది హ్యాంగర్లకు తగిలించిన బట్టలు. ప్రతి బొమ్మా విడివిడిగా, పూర్తిగా ఉంటుంది. చోటు ఎక్కువ పడుతుంది గానీ ఎటు కావాలంటే అటు తీసుకోవచ్చు."

"సరే, నీ బట్టలు నీ ఇష్టం" అని నవ్వాడు ఆయన. నవ్వు కాస్త ఎక్కువైందనిపించింది ఆమెకు.

ఆ వీడియోలు కత్తిరించి కూర్చింది ఆమె తోడికోడలే. పెద్దామె. ఒకే ఇంట్లో కింద బావగారూ ఆవిడా, పైన ఈమే, ఈమె భర్తా. కింద ముందు గదిలో ఆవిడ కంప్యూటరు పెట్టుకుని ఎడిటింగ్ చేసేది. ఇద్దరి మధ్యా పెద్ద ప్రేమలూ లేవు, పెద్ద గొడవలూ లేవు. ఒకరి కూర ఒకరికి పంపుకుంటూ, ఒకరి చీర ఒకరు మెచ్చుకుంటూ రోజులు గడిపేవారు.

నాటకం దగ్గర పడుతున్న కొద్దీ కింది గది తీరు మారింది. ఎప్పుడూ బార్లా తెరిచి ఉండే తలుపు మూసి ఉంటోంది. చిన్నామె మెట్లు దిగితే చాలు, లోపల ఫోన్లో మాటలు ఆగిపోతున్నాయి. ఒకసారి బట్టలు ఆరేస్తూ ఆవిడ ఏదో మామూలుగా అడిగినట్టు అడిగింది.

"అవునే, షో మధ్యలో వీడియో ఆగిపోతే నువ్వేం చేస్తావ్?"

"ఎందుకక్కా?"

"ఊరికే. తెలుసుకుందామని."

ఇన్నేళ్ళలో ఆవిడ ఆమె పని గురించి ఒక్క ముక్క అడిగింది లేదు. ఆ సాయంత్రం చూస్తే, వీడియోల డిస్క్ పెట్టుకునే సంచిలో వైరు వేరేగా చుట్టి ఉంది. తను ఎప్పుడూ వదులుగా చుడుతుంది. ఇదేమో బిగించి ముడేసి ఉంది.

భర్తతో చెప్పింది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అన్నం కలుపుకుంటూ విని, "నువ్వు అద్దంలో చూసుకున్నా ఎవరీవిడ అని అడుగుతావ్" అన్నాడు.

"నా సంచి ఎవరో తీశారండీ."

"వదినే తీసుంటుంది. కత్తెర కోసమో, సూది కోసమో."

"నా సంచిలో సూదెందుకుంటుంది?"

అతను పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. ఆమె మనసులో ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోయింది. మూసిన తలుపు, ఆగిన మాటలు, వైరు ముడి, దర్శకుడి నవ్వు. నిన్నటిదాకా ప్రతిదానికీ విసుక్కునే మనిషి ఈ మధ్య 'అమ్మా, అమ్మా' అంటున్నాడు. తన కుర్చీ కింద ఎవరో మెల్లగా తవ్వుతున్నారు.

ఆఖరి రిహార్సల్‌కు నటుల ఇళ్ళవాళ్ళనీ, స్నేహితులనీ పిలిచారు. తోడికోడలు కూడా వచ్చి మూడో వరసలో కూర్చుంది. పొద్దున ఆమె వీడియోలన్నీ ఒకసారి ఆడించి చూసుకుంది. అన్నీ ఆడాయి. కానీ అన్నిటినీ ముందుకే ఆడించింది. ఫైళ్ళ సైజుల వైపు కన్నెత్తి చూడలేదు. ఆ రోజు ఆమె అనుమానమంతా మనుషుల మీదే ఉంది. ఫైళ్ళకు మిగల్లేదు.

చివరి సన్నివేశం వచ్చింది. కండక్టరు వేషగాడు ఒక కాలు వెనక్కి వేశాడు. ఆమె వేలు కదిపింది. తెర మీద వీధి ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కదిలి ఆగిపోయింది. సైకిలు సగంలో నిలిచింది. మళ్ళీ ఒక గెంతు. గొడుగు ఉన్నట్టుండి వీధి అవతల తేలింది. అతను ఒంటికాలి మీద నిలబడి, ఏం చెయ్యాలో తోచక తెర వైపు తిరిగి చూశాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

దర్శకుడు లేచి వచ్చాడు. "ఇన్ని తనిఖీలు చేసేది ఇందుకా అమ్మా?"

ఆమె ఫైలు చూసింది. పేరు తను పెట్టిందే. పేరు చివర ఫార్మాట్ చెప్పే అక్షరాలూ అవే. సైజు చూస్తే తను చేసినదాంట్లో పదో వంతు కూడా లేదు.

"ఇది నా ఫైల్ కాదు సార్."

"నీ డిస్క్‌లో నీది కాని ఫైలు ఎలా వస్తుంది?"

"అదే నేనూ అడుగుతున్నా."

ఆమె మూడో వరస వైపు చూసింది. తోడికోడలు తల వంచుకుని కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది. ఇంకెవరినీ అడగక్కర్లేదని ఆ క్షణానే అర్థమైంది.

బల్ల సొరుగులో తాళం వేసి దాచుకున్న రెండో డిస్క్ తీసింది. జనం టీ తాగి వచ్చేలోగా అసలు ఫైలు ఎక్కించింది. ఈసారి ముందుకూ వెనక్కూ నడిపించి చూసుకుంది. రెండోసారి వీధి కండక్టరుతో పాటు మెత్తగా వెనక్కి నడిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం రెండో డిస్క్‌ను మళ్ళీ సొరుగులో పెట్టి తాళం వేసింది.

ఇంటికి రాగానే పైకి వెళ్ళలేదు. నేరుగా కింది గది తలుపు తోసింది. లోపల బల్ల మీద పాత లాప్‌టాప్ ఉంది. దాని మీటల మీద చిన్న చిన్న రంగు కాగితాలు అంటించి ఉన్నాయి. ముందుకు, వెనక్కు, ఆపు. తన బల్ల మీద ఉన్నట్టే, అదే వరసలో.

"నా చోటుకే ఎసరు పెట్టావన్నమాట" అంది.

తోడికోడలు మంచం అంచున కూర్చుంది. "ఆయనే అడిగాడే, మీ దర్శకుడు. ఇంకొకళ్ళకి ఈ పని రావాలి, నేర్చుకో అన్నాడు" అంది.

"ఎప్పుడు?"

"నెల పైనే అయింది."

"నా డిస్క్ తీశావా?"

"తీశాను. నీ ఫైళ్ళన్నీ ఇందులోకి ఎక్కించుకున్నా. ఆ వీధి బొమ్మ మరీ బరువుగా ఉంది, ఈ పాత డొక్కు మీద అసలు కదల్లేదు. అందుకని చిన్నగా మార్చా. పాతదాని మీద రాసెయ్యనా అని కంప్యూటర్ అడిగింది. సరే అని నొక్కా. ఇందులోదే అడుగుతోందనుకున్నా గానీ, నీ డిస్క్‌ ఇంకా పీకలేదని చూసుకోలేదు. ఒట్టు. అక్కడ అది ఆగిపోయేదాకా నాకూ తెలీదు."

"ఒక్కమాట చెప్తే నీ సొమ్మేం పోయేదక్కా?"

"చెప్తే నమ్మేదానివా?" అంది ఆవిడ. తర్వాత గొంతు తగ్గించి, "ఇంకోటి కూడా ఉందిలే. అబద్ధం ఎందుకు? నాకూ ఆశ పుట్టింది. రోజంతా ఈ గదిలో కత్తిరించి కత్తిరించి ఇస్తా. అది తెర మీద ఎలా ఉంటుందో నువ్వు చూస్తావ్, జనం చూస్తారు. నేను చూడను. నువ్వు వేలు కదిపితే వీధి కదుల్తుంది చూడు, అది నాకూ చెయ్యాలనిపించింది."

చిన్నామె కోపమంతా తెచ్చుకుని వచ్చింది. మోసం అయితే తిట్టేదే. ఆశను ఎలా తిట్టాలో తెలియలేదు. "ఇకమీదట నా సంచి ముట్టుకోకు" అని మాత్రం అని మెట్లెక్కింది.

మర్నాడు దర్శకుణ్ణి నిలదీసింది. ఆయన తడుముకోలేదు.

"రేపు నీకు జ్వరం వస్తే నాటకం ఆపుకోవాలా?"

"ఆ మాట నాతోనే అనొచ్చుగా సార్."

"అంటే నువ్వేమనుకుంటావో నాకు తెలుసు." ఆ వెంటనే, "నీ తనిఖీలతో రిహార్సళ్ళు ఆలస్యమవుతున్నాయన్నది కూడా నిజమే. అందుకే చాటుగా అడిగాను. అది తప్పే" అన్నాడు.

ఆ రెండు కారణాల్లో ఏది అసలుదో ఆమెకు ఇప్పటికీ తేలలేదు. జ్వరం మాట ముందే అనుకున్నాడో, అప్పటికప్పుడు దొరికిందో.

కానీ ఆలోచిస్తే ఒకటి తోచింది. తోడికోడలు చాటుగా నేర్చుకుంటే ఏం చేస్తుందో కనిపించదు. పక్కన కూర్చుని నేర్చుకుంటే కనిపిస్తుంది. ఆ లెక్కతోనే ఆవిణ్ణి హాలుకు తీసుకెళ్ళింది. మీటలు చూపించింది. ఏ వీడియోను తేలిగ్గా ఉంచొచ్చో, దేన్ని పెద్దగా మార్చుకోవాలో చెప్పింది. ఫోన్లో తీసినవి ఒకే వేగంతో ఉండవనీ, ముందు సరిచెయ్యకపోతే మాటా పెదవీ కలవవనీ చెప్పింది. రెండో డిస్క్ ఎక్కడ ఉందో మాత్రం చెప్పలేదు.

ఆవిడ తొందరగానే పట్టుకుంది. నాటకం బాగా నడిచి పక్క ఊళ్ళ నుంచి పిలుపులు వచ్చాక కొన్నిచోట్ల ఆవిడే వెళ్ళింది. మొదటిసారి ఆవిడ ఒక్కతే ఆడించిన రోజు చిన్నామె టికెట్ కొనుక్కుని వెనక వరసలో కూర్చుంది. నటుల్ని చూడలేదు, తెరనే చూసింది. వీధి ఎక్కడా తడబడలేదు. సంతోషమూ వేసింది, తను లేకపోయినా నడుస్తోందే అనీ అనిపించింది.

కొన్నాళ్ళకు కొత్త నాటకం మొదలైంది. చిన్నామె వీడియోలన్నీ మార్చి సిద్ధం చేసి డిస్క్‌ను సంచిలో పెట్టుకుంటుంటే తోడికోడలు చెయ్యి చాపింది.

"ఇవ్వు, నేనూ చూస్తా."

"నేను చూశానక్కా."

"తెలుసు. అయినా ఇవ్వు."

ఆమె మొహం జేవురించింది. ఇన్నేళ్ళుగా ఎంతమంది చేతుల్లోంచి ఇలా పెన్‌డ్రైవ్‌లు లాక్కుందో, వాళ్ళ మొహాలు ఎలా మాడాయో గుర్తుకొచ్చింది. ఇవ్వకూడదనే అనుకుంది గానీ ఇచ్చింది. తోడికోడలు ఒక్కొక్కటే తెరిచి, ముందుకూ వెనక్కూ నడిపి, వాన సన్నివేశం దగ్గర ఆగింది.

"ఇది మొన్నటి కట్ కదే. దర్శకుడు మార్చమన్నాక కొత్తది ఇచ్చాగా నీకు."

నిజమే. ఆమె పాతదాన్నే తన ఫార్మాట్‌లోకి మార్చి పెట్టింది. సాయంత్రం కొత్త కట్ మార్చి, కిందికి దిగి, అడక్కముందే డిస్క్‌ను ఆవిడ బల్ల మీద పెట్టి వచ్చింది.