ఉల్టా ఉన్న బ్రయోజోవా

వనపర్తి కాలేజీలో భూగర్భశాస్త్రం చదివే రోజుల్లో నేను క్లాసులో నోరు విప్పింది లేదు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలోనే రాసుకునేదాన్ని.

ఒకరోజు ప్రాక్టికల్స్‌లో మా సారు దూది మీద ఒక చిన్న శిలాజం పెట్టారు. సన్నని వల ముక్కలా ఉంది. ఒకప్పుడు సముద్రంలో గుంపులుగా బతికిన బ్రయోజోవా అనే ప్రాణులు కట్టుకున్న ఇల్లది. వల కాడల మీద వాటి గదుల రంధ్రాలు రెండు వరుసల్లో ఉంటే ఫెనెస్టెల్లా, ఇంకా ఎక్కువుంటే పాలీపోరా అని సారు చెప్పారు.

భూతద్దం చేతులు మారింది. ఎవరికీ ఒక్క రంధ్రమూ కనబడలేదు.

"అరిగిపోయింది సార్" అన్నారు అందరూ.

నా వంతు వచ్చింది. గద్వాలలో మాది నేతిల్లు. చీర మడతపెట్టే ముందు ఏది మంచివైపో చూడటం నా పని. ఆ అలవాటుకొద్దీ నా చెయ్యి శిలాజాన్ని తిప్పింది. చుక్కలు పెట్టినట్టు రంధ్రాలు కనిపించాయి.

"ఉల్టా ఉండె సార్" అన్నాను.

"గట్టిగ చెప్పమ్మా. రాయికి చెవుల్లేవు గని, నాకున్నయి."

"ఉల్టా ఉండె సార్. బొక్కలు ఇటుదిక్కున్నయి. రెండే వరుసలు. ఫెనెస్టెల్లా."

క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వారు. "బొక్కలు ఒక్క దిక్కే ఉంటయి. ఎవరు తిప్పుతరా అనే చూస్తున్న" అన్నారు.

బయటికొచ్చాక నా స్నేహితురాలు ఆపింది. "నీకు నోరున్నదానే?"

"ఉన్నది గని, ఇన్ని దినాలు ఉల్టా ఉండె" అన్నాను.

బస్టాండు దాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.