రెండో సీటు బరువు

నాకు విమానం పిచ్చి ఉందని మా వీధిలో అందరికీ తెలుసు. పిచ్చి వరకు ఎవరికీ సందేహం లేదు, విమానం దగ్గరే కొంచెం అనుమానం. దాన్ని చూసినవాళ్ళలో ఒకాయన, పొలానికి మందు కొట్టే డ్రోనా మాస్టారూ అని అడిగాడు. ఇంకొకాయన ఆ గొట్టాలు పెళ్ళి పందిళ్ళకి అద్దెకిస్తారా అన్నాడు. రెండో ఆయన అడిగినట్టు ఇచ్చేసి ఉంటే ఈపాటికి నా పరువు కొంతైనా మిగిలేది.

రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. రెక్క మీద గాలి ఇలా పోతుంది, కింద అలా పోతుంది, అందుకే విమానం లేస్తుంది అంటూ బోర్డు మీద బొమ్మ గీసి గీసి, ఆ బొమ్మలోకి ఎక్కి కూర్చోవాలన్న దుర్బుద్ధి పుట్టింది. వేసవి సెలవుల్లో బెంగుళూరు వైపు ఒక క్లబ్బులో చేరి నేర్చుకున్నాను. లైసెన్సు కూడా వచ్చింది. ఎలా వచ్చిందో నాకు నేర్పినాయన్ని అడక్కండి, నా మాట ఎత్తితే ఆయన ఇప్పటికీ మంచినీళ్ళు తెప్పించుకుంటాడట.

తర్వాత అటువైపే మూతపడిన ఇంకో క్లబ్బులో పాత అల్ట్రాలైట్ ఒకటి మూలపడి ఉందని తెలిసింది. అల్ట్రాలైట్ అంటే బుల్లి విమానం. అల్యూమినియం గొట్టాల చట్రం, గుడ్డ తొడిగిన రెక్కలు, వెనకాల ఒక చిన్న ఇంజను, పక్కపక్కనే రెండు సీట్లు, అంతే. రెక్కలు విప్పి లారీ మీద వేయించి తెచ్చేశాను. ఇంటి ముందు లారీ ఆగితే మా ఆవిడ గుమ్మంలోకొచ్చి చూసి, ఇది ఎగురుతుందా అని అడిగింది. బాగుచేస్తే ఎందుకు ఎగరదు, మనిద్దరం ఎక్కి పైనుంచి గోదావరి చూద్దాం, నీ కోసమే రెండు సీట్లది తెచ్చాను అన్నాను. పచ్చి అబద్ధం. ఒక సీటుది దొరక్క ఇది తెచ్చాను. ఆవిడ విని లోపలికెళ్ళిపోయింది. భయపడింది పాపం అనుకున్నాను. మేడ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునే మనిషి. రైలు గోదావరి వంతెన ఎక్కితే కళ్ళు మూసుకుని చిల్లర విసిరే మనిషి. ఆవిడ విమానం ఎక్కదు అని ఆ రోజే తేల్చేసుకున్నాను. ఆవిణ్ణి అడగాలని మాత్రం తోచలేదు.

మా ఇంట్లో స్కూటరుకే చోటు చాలదు. అందుకని విమానాన్ని రామచంద్రపురంలో మా బావమరిది షెడ్డుకి చేర్చాం. వాడు ట్రాక్టరు ట్రక్కులు తయారుచేస్తాడు. వాడు కట్టిన ట్రక్కులో ఎన్ని ధాన్యం బస్తాలు వేసినా, గట్టు దిగి పంట కాలవలో పడినా, లేపి మళ్ళీ తోలుకుపోవచ్చని చుట్టుపక్కల పేరు. వాడి నోట్లో మాట ఒకటే, గట్టిగా. ఏదైనా గట్టిగా ఉండాలి. నా ఖర్మ కొద్దీ నాకు కావాల్సింది తేలిగ్గా ఉండేది.

ఎందుకంటే వీటికి ఒక రూలుంది. విమానం, పెట్రోలు, ఎక్కిన మనుషులు, అన్నీ కలిపి ఒక బరువు దాటకూడదు. దాటిందా, ఇక అది అల్ట్రాలైట్ కాదు, అసలు సిసలు విమానం. దానికి కావాల్సిన కాగితాలు మోయడానికి ఇంకో విమానం కావాలి. ఈ సంగతి మా బావమరిదికి అరటిపండు ఒలిచినట్టు చెప్పాను. ఒక్క గ్రాము పెరక్కూడదు, ఉన్నదాన్ని ఉన్నట్టు బిగించు అన్నాను. వాడు "ఆయ్" అన్నాడు. మా వైపు ఆయ్ అంటే అలాగేనండి అని. మా బావమరిది ఆయ్ అంటే, మీరు చెప్పేది చెప్పండి నేను చేసేది చేస్తాను అని. ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన మనిషే, అయినా నమ్మాను.

రెక్కల గుడ్డ ఎండకి చీకిపోయింది. నేను నేర్చుకున్న క్లబ్బువాళ్ళు, కొత్త గుడ్డ తెప్పించి పాతదాని కొలతకి కుట్టించుకోమన్నారు. ఊళ్ళో దర్జీలందరూ దాన్ని చూసి, ఇది దేనికి తొడుగుతారండి అని అడిగి, చెప్పాక దణ్ణం పెట్టారు. ఆఖరికి మా ఆవిడే మిషను ముందేసుకుంది. హాలు నిండా రెక్కల గుడ్డ పరుచుకుని, పాత కుట్టు విప్పి చూస్తూ, అదే కుట్టు, అదే దూరంలో కుట్టుకుంటూ పోయింది. నేను మధ్యలో వెళ్ళి, జాకెట్లకి వదిలినట్టు లోపల రెండంగుళాలు వదిలావేమో, విమానం ఒళ్ళు చేస్తే విప్పుకోడానికి అని వేళాకోళం ఆడాను. ఆవిడ తలెత్తకుండా, ఒళ్ళు చేసేది విమానం కాదులెండి అంది. అది నాకు తగిలిన మొదటి చురక. అప్పుడది జోకనుకుని నవ్వేశాను.

అన్నీ బిగించాక, ఇలాంటి విమానాలకి చాలాకాలం పనిచేసి రిటైరైన ఒక ఇంజినీరుగారిని బతిమాలి రప్పించాం. చాలా మర్యాదస్తుడు. ధాన్యం తూచే ఎలక్ట్రానిక్ కాటాలు మిల్లు నుంచి మూడు తెచ్చి, మూడు చక్రాల కిందా పెట్టాం. నన్నూ మా బావమరిదినీ ఎక్కి కూర్చోమని, దిగమని, మా బావమరిది బరువు తీసి మా ఆవిడ బరువెంతో అడిగి వేసి, పెట్రోలు కలిపి లెక్క కట్టారు. అంతా కూడితే పరిమితికి ఇరవై నాలుగు కిలోలు ఎక్కువ.

నేను ఆ అంకెలు మళ్ళీ మొదట్నించీ కూడుకున్నాను. మా బావమరిది మాత్రం ధీమాగా ముందుకొచ్చి, ధాన్యానికి తేమ ఉందని తరుగు తీస్తారు కదండీ, దీనిక్కూడా తీసేయండి, వానాకాలం కదా, గుడ్డంతా చెమ్మగా ఉంది అన్నాడు. జీవితాంతం తరుగు పేరుతో రైతుల బస్తాలు తగ్గిపోవడం చూసినవాడు, విమానానికీ ఆ న్యాయం జరుగుతుందని మనస్ఫూర్తిగా నమ్మాడు. ఇంజినీరుగారు తల వంచి తన చేతిలో కాగితం కేసే చూశారు. నవ్వు ఆపుకుంటున్నారని తర్వాత అర్థమైంది.

అప్పుడు ఆయన చట్రం కిందకి దూరారు. బయటికొచ్చి, ఈ ఇనప పట్టీలు ఎవరు వేశారు అని మెల్లగా అడిగారు. నేను కూడా దూరి చూశాను. గొట్టం గొట్టం కలిసిన ప్రతి చోటా ఇనప పట్టీ. కనపడకుండా పైన వెండి రంగు. సీట్ల కింద అయితే ట్రక్కుకి వేసినట్టు అడ్డంగా రెండు. మా బావమరిది నేల చూపులు చూస్తూ, గట్టిగా ఉంటుందనండి అన్నాడు. ఇంజినీరుగారు ఓపిగ్గా చెప్పారు. ఈ చట్రం ఊగాల్సిన చోట ఊగాలి, ఒకచోట బిగదీస్తే ఆ పక్కన విరుగుతుంది, ఇవి బలం కాదు, దండగ బరువు అని. మా వాడు ఆయ్ అన్నాడు. నేనేమో ఒంటికాలి మీద లేచాను. ట్రక్కులు చేసుకునేవాడికి విమానం అప్పగించడం నాదే బుద్ధి తక్కువ అని నోటికొచ్చినట్టు మాట్లాడాను.

ఇంజినీరుగారు నన్ను చల్లార్చి, పట్టీలు తీస్తే సగం తగ్గుతుంది, మిగతా సగానికి, అని ఆగారు. మర్యాదస్తుడని చెప్పాను కదా. పైలట్ బరువు గురించి కూడా కొంచెం ఆలోచించండి సార్ అన్నారు. నా పొట్ట వైపు చూడకుండా అనడానికి ఆయన పడ్డ కష్టం నాకు కనిపించింది. అదీ కుదరకపోతే రెండో సీటు తీసేసి ఒక్కరే ఎగరొచ్చు, అప్పుడు బరువు సమస్యే లేదు అని చెప్పి ఆయన వెళ్ళిపోయారు.

ఇక చూడండి మా తెలివి. పట్టీలు తీయడానికి మా బావమరిదికి మనసు రాదు. తీస్తే వాడు ఓడిపోయినట్టు. పొట్ట తీయడానికి నాకు మనసు రాదు. పెరుగన్నంలో ఆవకాయ నంజుకోకుండా లేచిన రాత్రి నా జీవితంలో లేదు, మధ్యలో మడత కాజాల సంగతి వేరే. అంతసేపూ తిట్టుకున్న ఇద్దరం టీ తాగేసరికి ఒక్కటైపోయాం. ఎలాగూ అక్క ఎక్కదు కదా బావగారూ అన్నాడు వాడు. ఎక్కదు, పైగా సీటు లేకపోతే ఎక్కమని అడుగుతానన్న బెంగ కూడా తీరిపోతుంది, సంతోషిస్తుంది అన్నాను నేను. సర్దుకుపోవడం అంటే ఇదే అని ఒకళ్ళనొకళ్ళం మెచ్చుకున్నాం.

మర్నాడు నేను స్పానరు పట్టుకుని రెండో సీటు బోల్టులు విప్పుతుంటే మా ఆవిడ వచ్చింది. రెక్కల గుడ్డ బిగిశాక కుట్లు ఎలా ఉన్నాయో చూస్తానని బస్సెక్కి వచ్చిందట. ఏం చేస్తున్నారని అడిగితే, బరువు సంగతంతా చెప్పి, అందుకని నీకు ఆ బాధ లేకుండా చేస్తున్నాం అన్నాను. ఆవిడ చేతి సంచి నేల మీద పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, గొట్టం పట్టుకుని, ఎక్కి ఆ సీట్లో కూర్చుంది.

"ఇప్పుడు తీయండి," అంది.

నేను స్పానరు కింద పెట్టాను, పక్కన బోల్టులు అందుకుంటున్న మా బావమరిది లేచి నించున్నాడు. ఆవిడ ముందు తమ్ముడి వైపు తిరిగింది. ఆ పట్టీలు ఎందుకు వేశావురా అని అడిగింది. బావగారితో గట్టిగా ఉంటుందని చెప్పినవాడు అక్కతో ఇంకోటి చెప్పాడు. ఈయనకేమైనా అయితే నీ మొహం ఎలా చూడనక్కా, అందుకే వేశాను అన్నాడు. నిన్న వాణ్ణి అన్న మాటలన్నీ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. ఆవిడ మాత్రం కరగలేదు. ఆ పెద్దాయన అవి పనికిరావని చెప్పాక కూడా ఉంచుతావా, తీసెయ్ అంది. తర్వాత నా వైపు తిరిగింది. ఆ చూపు నేను ముప్ఫై ఏళ్ళుగా ఎరుగుదును.

"నా సీటు ఇక్కడ బరువవ్వలేదండి. ఆ బరువు మీ పొట్టలో ఉంది. అక్కణ్ణించి తీయండి."

ఆ రోజు నుంచి రాత్రిళ్ళు నాకు రెండు పుల్కాలు, పొట్లకాయ కూర. గోదావరి జిల్లావాడికి రాత్రి పుల్కా పెట్టడం ఎంత శిక్షో బయటివాళ్ళకి తెలీదు. ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టిందో ఎంత వెతికినా దొరకలేదు. పొద్దున్నే గోదావరి గట్టు మీద నడిపించేది. దారిలో తెలిసినవాళ్ళు ఎదురై, షుగరొచ్చిందా మాస్టారూ అని జాలిపడేవాళ్ళు. కాదండి, విమానం అని చెప్తే ఇంకా ఎక్కువ జాలిపడేవాళ్ళు. బెల్టుకి కొత్త చిల్లులు పొడిపించుకున్నాను. మా బావమరిది ఒక్కో పట్టీ విప్పినప్పుడల్లా ఫోన్ చేసి, తీసేశానండి అని పన్ను పీకించుకున్న గొంతుతో చెప్పేవాడు.

చలికాలం వచ్చాక ఇంజినీరుగారు మళ్ళీ వచ్చారు. మళ్ళీ మూడు కాటాలు. ఈసారి లెక్కలు కాదు, ఇద్దరూ ఎక్కి కూర్చోండి అన్నారు. ముందు నేనెక్కాను. మా ఆవిడ ఎక్కి బెల్టు పెట్టుకుని, ఒడిలో చేతులు ముడుచుకుని కూర్చుంది. మా బావమరిది ఒక కాటా దగ్గర, ఇంజినీరుగారు ఒక కాటా దగ్గర నించున్నారు. ముందు చక్రం కింద కాటా నాకు కనిపిస్తుంది కాబట్టి దాని అంకె నన్ను చదవమన్నారు.

ఇంజినీరుగారు ఊరికే ఉండకుండా, అమ్మా, మీకు భయం లేదా అని అడిగారు. చాలామంది ఇళ్ళల్లో ఆడవాళ్ళు దీని దగ్గరికి కూడా రారు అన్నారు.

"ఎందుకు లేదండి, చాలా భయం," అంది మా ఆవిడ. "మెట్లు దిగాలన్నా భయమే నాకు. కానీ ఈయన ఎలాగూ ఎగురుతారు, ఎవరు చెప్పినా వినరు. ఈయన పైన ఉంటే, కింద నించుని చూస్తూ ఉండటం నా వల్ల కాదండి. పక్కన కూర్చుంటే ఏమైనా ఇద్దరికీ ఒకటే కదా."

అప్పుడు చూశాను ఆవిడ చేతుల్ని. ఒడిలో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. కదలని విమానంలో, నేల మీద, షెడ్డులో కూర్చునే అంత భయపడుతోంది. ఇన్నాళ్ళూ ఆవిడ గోదావరి చూడ్డానికి సీటు అడిగిందనుకున్నాను.

ఈ రెండూ బాగానే తగ్గాయి, మీ కాటా ఎంత చూపిస్తోంది సార్ అని ఇంజినీరుగారు అడిగారు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఆయన ఇంకోసారి అడిగారు. అయినా నాకు అంకె కనపడలేదు. చివరికి మా ఆవిడే ముందుకి వంగి, చదివి చెప్పింది.