అడుగున ఉండిపోయిన వెలుగు

పగటి వెలుతురులో ఆ పింగాణీ చేపలన్నీ ఒకేలా ఉంటాయి. గోడకు తగిలించుకునే అలంకారపు చేపలు. మీగడ రంగు పూత. కాసేపు లైటు వేసి ఆర్పితేగాని ఏది చీకట్లో వెలుగుతుందో, ఏది వెలగదో తేలదు. ఆ పరీక్షకోసమే కార్ఖానాలో ఒక గదికి కిటికీలు మూసేశారు.

పూత వేసే ఆవిడను అందరూ పూతక్క అంటారు. పూతలో కలిపే, వెలుగునిచ్చే పొడి బరువైనది. తొట్టిలో అడుగుకు దిగిపోతూ ఉంటుంది. ప్రతి చేపనూ ముంచేముందు గరిటెను అడుగుదాకా దించి తిప్పాలి. ఏళ్ల తరబడి ఆమె ఆ పని తప్పలేదు. ఈమధ్య కుడి మణికట్టు వాచింది. నొప్పికి తాళలేక పైపైన తిప్పి ఊరుకుంది. ఎవరికీ చెప్పలేదు. తిప్పలేనివాళ్లను ప్యాకింగుకు పంపుతారు. అక్కడ రోజంతా నిలబడాలి. ఆమె కాళ్లలో ఆ ఓపిక లేదు.

ఈసారి బట్టీలోంచి దించిన చేపల్లో చాలావాటికి వెలుగు రాలేదు. యజమానురాలు ఆ చీకటి గది గుమ్మంలోంచే చూసి, బట్టీ కాల్చే మనిషిమీద మండిపడింది. అతను పూతక్కకు మరిది.

"వేడెక్కువైతే పొడి మాడిపోతుందని తెలీదూ? కునుకు తీశావా?"

"బట్టీ ముందు కునుకా అమ్మా? కనురెప్పలే ఎండిపోతాయి."

"వేళాకోళం చాలు. ఇంకో మనిషిని చూసుకుంటా." ఫోన్ చేయడానికి ఆమె వెళ్లిపోయింది.

పూతక్క గదిలోకి వెళ్లేసరికి మరిది ఆ చీకట్లో చేపల్ని అటూ ఇటూ మారుస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"దుమ్ము దులుపుతున్నా వదినా."

"చీకట్లోనా?"

ముంచిన వరుసలోనే కాల్చడం, ఆ వరుసలోనే దించడం అక్కడి పద్ధతి. అతని చెయ్యి పడని చివర వరుస ఇంకా చెదరలేదు: మొదట ముంచినవి మసకగా, పోనుపోను కాంతిగా. తొట్టిలో పూత తగ్గి అడుగుకు చేరేకొద్దీ పొడి చిక్కబడిందన్నమాట. ఆ వరుసంతా కాలింది బట్టీలో ఒకే పలకమీద, ఒకే వేడికి. తప్పు బట్టీది కాదు.

"వరుసెందుకు చెరుపుతున్నావు?"

"ఆవిడ చూస్తే తెలిసిపోతుంది. నాకు ఇంకో బట్టీ దొరుకుతుంది. నీకు ఇంకో చెయ్యి దొరుకుతుందా? నీకు అన్నయ్య జడ వేయడం చూసినరోజే నీ మణికట్టు సంగతి నాకర్థమైంది."

అతనిది మంచితనమే, న్యాయం మాత్రం కాదు. ఆ తేడా పూతక్కకు తెలుసు. అతను చెదరగొట్టిన చేపల్ని ఎడంచేత్తో పక్కకు జరిపి, చెదరని వరుస చూపడానికి యజమానురాలిని పిలిచింది.

"ఈ చివర చూడండమ్మా. ఇప్పుడు ఆ చివర. అన్నీ ఒకే పలకమీద కాలాయి. వేడి కాదు. నేనే అడుగుదాకా తిప్పలేదు."

యజమానురాలు వరుస వెంట ఆ చివరిదాకా నడిచి చూసింది. "ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే ప్యాకింగుకు పంపుతారని."

"పంపకేం చేస్తాను? ఈ చేపలన్నీ మళ్లీ చెయ్యాలి. అయ్యేదాకా మీ మరిది తిప్పుతాడు, నువ్వు ముంచు. ఆ తర్వాత ప్యాకింగే." గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగింది. "అక్కడ ఒక స్టూలు వేయిస్తాను."

పూతక్క తిరిగి తొట్టి దగ్గర కూలబడింది. మరిది గరిటె దించి రెండు చుట్లు తిప్పాడు.

"ఇంత బరువా వదినా ఇది?"

"మాటలాపి అడుగుదాకా తిప్పు" అంటూ ఎడంచేత్తో మొదటి చేపను అందుకుంది.